తెల్లాపూర్ ఎంత దూరం

"మా కోడలు కుడ్తది తీయ్ సాయెబూ, నువ్వేం ఫికర్ పడకు" అన్నడు లింగమూర్తి, కోడల్ని ఒక్క మాటన్న అడగకుండనే. రుక్కమ్మ అప్పుడు జొన్నలు ఇసురుతున్నది. ఆమెను అడిగేదేముంది? ఇసుర్రాయిని అడిగి తిప్పుతరా ఎవరన్న?

సంగతేందంటే, పోలీసు యాక్షన్ అయిన మరుసటేడు చలికాలంల నానక్‌రామ్‌గూడ పక్కన బండల మైదానంల ఒక తమాషా సాయెబు దిగిండు. ఆయన దగ్గర ఇంత పెద్ద గుడ్డ గుబ్బార. కింద గుంతల ఎండుగడ్డి, పిడకలు కాలవెడితే ఆ వేడికి ఉబ్బి, మనుషులు కూసున్న గంపను మీదికి లేపుకపోతది. మోకు కట్టి ఉంటది గనుక ఎటూ కొట్టుకపోదు. పైకెల్లి సూస్తే గోల్కొండ ఖిలా, లింగంపల్లి అంగడి, పటాన్‌చెరు దాంక కనవడ్తయంట. వచ్చిన్నాడే అది తుమ్మకొమ్మకు తట్టుకోని పర్రున చినిగింది. ఊర్ల బొంతలు కుట్టుడుల రుక్కమ్మను మించినోళ్లు లేరు. ఇంకేంది, మామ మాటిచ్చేసిండు.

కుట్టింది. వాకిలి ఊడ్సి, బర్రె పాలు పిండి, వంట జేసి, అందరు తిన్నంక గిన్నెలు తోమి, అప్పుడు మిగిలిన పొద్దంత కూసోని కుట్టింది. సూది గుచ్చుకోని వేళ్లు వాసినయి. అత్త బుచ్చమ్మ వచ్చి సూసి, "కుట్లు జర దగ్గర దగ్గర వెయ్యి, మన ఇజ్జత్ పోతది" అని పోయింది. అయినా రుక్కమ్మకు కోపం రాలేదు. ఎందుకంటే సాయెబు ఒక మాటన్నడు. "బేటీ, గుబ్బార లేస్తే ముందుగాల నిన్నే ఎక్కిస్త." ఆ మాట పట్టుకోని కుట్టింది, పిచ్చి తల్లి.

ఆమెకు ఖిలా వద్దు, అంగడి వద్దు. తెల్లాపూర్ కనవడ్తదా అని ఒక్కటే ఆశ. అది ఆమె పుట్టి పెరిగిన అవ్వగారి ఊరు. కాపురానికి వచ్చిన్నాడు బండికి పరదాలు దించి తెచ్చిండ్రు. ఏడ్సి ఏడ్సి నిద్రవోయింది, ఎటుకెల్లి వచ్చిందో ఎరుకలేదు. తర్వాత ఎప్పుడు పోతనన్నా ఒకటే జవాబు. "తెల్లాపూరంటే మాటలా? పోను ఒక దినం, రాను ఒక దినం. బర్రెను ఎవరు పిండాలె?" అని అత్త. "ఎడ్లు అలుస్తయే" అని మొగడు వీరేశం. ఎడ్ల అలుపు కనవడే మనిషే, పెండ్లాం అలుపు మాత్రం ఎన్నడు కనవడకపాయె. పోయినేడు వరి కోతలప్పుడు కబురొచ్చింది, అవ్వకు పానం బాగలేదు, బిడ్డను సూడాల్నంటున్నదని. "అంత దూరం పోయి ఎప్పుడొస్తవు? కోతలు గానీ" అన్నడు వీరేశం. రుక్కమ్మ గూడ "నిజమే, అంత దూరమాయె" అనుకోని కొడవలి పట్టుకున్నది. కోతలు గాకముందే అవ్వ పోయింది. దినాలకు వీరేశం ఒక్కడే బండి కట్టుకపోయి, లింగంపల్లిల అంగడి గూడ జేసుకోని రెండోనాడు వచ్చిండు. ఎవరో కట్టేస్తే ఆగితే అది వేరే ముచ్చట. తనంతల తానే నమ్మి ఆగింది, గదే ఆమె కడుపుల కాలుతుండె. ఇప్పుడు అవ్వ లేదు, కనీసం ఆ ఊరి పొగన్న పైకెల్లి సూసుకుంటే జర సల్లవడ్తదనుకున్నది.

గుబ్బార లేసే నాడు ఊరంత మైదానంలనే. సాయెబు పిలిస్తే రుక్కమ్మ కొంగు నడుముకు దోపుకోని గంపల ఒక కాలు పెట్టింది. వెనుకనుంచి మామ గొంతు లేసింది. "ఏందిది? మామ ముంగట మంచం మీదనే కూసోరాని కోడలు, మామ నెత్తి మీదికెల్లి పోతదా? నేను కింద నిలవడి తలెత్తి సూడాల్నా?" మందిల ఒక్కడన్న నవ్వలేదు. అందరు నిజమే నిజమే అన్నరు. సాయెబు మోకు ముడి సూసుకుంట పక్కకు జరిగిండు. "దిగు దిగు, నీ బదులు నేను వోత" అని వీరేశం ఆమె రెక్క పట్టి దించి, తానెక్కిండు. దిగుకుంటనే రుక్కమ్మ, "తెల్లాపూర్ కనవడ్తదేమో సూడు" అన్నది. గుబ్బార లేస్తుంటే ఆమె కండ్లు తన కుట్ల మీదనే. అంత బాధల గూడ, కుట్టు ఊడొద్దు దేవుడా, పైన మొగడున్నడని మొక్కింది. సూడుండ్రి ఆడదాని బతుకు!

మాపటికి తండ్రీకొడుకులు బువ్వకు కూసున్నరు. రుక్కమ్మ వడ్డిస్తున్నది. వీరేశం నోరు ఆగుతలేదు. ఖిలా బొమ్మరిల్లంత ఉన్నదట, అంగడి బండ్లు చీమల లెక్క ఉన్నయట. ఆగలేక రుక్కమ్మ తానే అడిగింది. "తెల్లాపూర్ కనవడ్డదా?"

"కనవడక? గా గుట్టల ఎనుకనేనే! బండి బాట సుట్టూ తిరిగి పోతది గానీ, నడుమంగ కాలిబాట ఉన్నది. పొద్దుగాల బయలెల్లితే ఎండ ముదరకముందే చేరొచ్చు."

లింగమూర్తి ముద్ద మింగి నవ్విండు. "గా బాట ఇయ్యాల కనిపెట్టినవారా? పడుసుతనంల నేను పొద్దుగాల పోయి, పగటి బువ్వకు ఇంటికొచ్చేటోన్ని."

రుక్కమ్మ చారు గిన్నె కింద పెట్టింది. ఎండ ముదరకముందే చేరొచ్చు. ఆనాడే పోయుంటే అవ్వకు నీళ్లు తాగిచ్చి, తల నిమిరి, మాపటికి మళ్లొచ్చి కొడవలి పడుతుండె. ఒక్క పూట కోత ఆగుతుండె, అంతే. కాపురానికి వచ్చినప్పటి నుంచి మామతోని ఏదన్న చెప్పాల్నంటే అత్త నోటితోనే చెప్పేది. ఇయ్యాల కొంగు సర్దుకోలేదు, తల దించలేదు. ఆయన మొఖంలకు సూసుకుంట అడిగింది.

"మా అవ్వ నాకోసం ఎదురుసూసిన దినాలల్ల గూడ గా బాట ఉండెనా, మామా?"