అరవై నాలుగు మొక్కలకు దుప్పట్లు

"సింపుల్‌గా నాలుగు రకాలు చేస్తే చాలు, హడావుడి పడకు" అన్నాడు మా ఆయన బూట్ల లేసులు కట్టుకుంటూ. సాయంత్రం ఏడింటికి వాళ్ళ మేనేజరూ, ఆయన భార్యా భోజనానికి వస్తున్నారట. ఆ సంగతి నాకు తెలిసింది అప్పుడే, టిఫిన్ డబ్బాలకి మూతలు పెడుతూ ఉండగా. నా చెవి మాత్రం రేడియో దగ్గరుంది. రాత్రికి ఆకాశంలో మబ్బు ఉండదట, గాలి కూడా ఉండదట, తెల్లారేసరికి నేలంతా మంచు గడ్డకడుతుందట. మేడ మీద నా మొక్కలు అరవై నాలుగు. టమాటా, మిరప, వంగ నారు చిన్న చిన్న కప్పుల్లో. ఓ మూల మోకాలెత్తు బొప్పాయిలు పెద్ద డబ్బాల్లో. అన్నీ నేను విత్తు నాటి లేపినవే. ఈ ఊరికి ఇంత చలి ఎప్పుడో గాని రాదు, వచ్చిందంటే లేత ఆకు మిగలదు.

అవి ఉత్త సరదాకి పెంచినవి కావు. ఊరి చివర నర్సరీ నడిపే ఆవిడ ఒకసారి నా టమాటా నారు చూసి, "ఈ చలికాలం దాటించి చూపించు. నా దగ్గర నారు షెడ్డంతా నీ చేతిలో పెడతా" అంది. ఆ మాట ఇంట్లో చెప్పిన రోజున మా ఆయన నవ్వాడు. "కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం వదిలేసి మట్టి పిసుక్కుంటావా?" అన్నాడు. ఆ కుర్చీ కళ్ళ ఆసుపత్రిలో టోకెన్లు రాసే కుర్చీ. తొమ్మిదేళ్ళుగా అందులో నేను కూర్చున్న సమయం తక్కువ. "నీ చేతి టీ తాగితేనే నాకు తలనొప్పి తగ్గుతుందమ్మా" అని డాక్టరుగారు ఒకనాడు మెచ్చుకున్నారు. ఆ మెచ్చుకోలుతో టీ నా పని అయిపోయింది. తర్వాత కప్పులు కడగడం, ఆయన బల్ల తుడవడం, ఆయన మరిచిపోయిన కళ్ళజోడు వెతకడం. ఇంట్లోనూ అంతే, ఒక పని బాగా చేశానంటే అది చచ్చేదాకా నాదే.

మధ్యాహ్నం పన్నెండింటికి డాక్టరుగారి గదిలోకి వెళ్ళి సగం రోజు సెలవడిగాను. ఆయన కంగారు పడ్డారు.

"ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేదా?"

"ఇప్పటికి బాగానే ఉన్నారండీ. ఈ చలికి రేపటిదాకా ఉండరు."

"అయ్యో! ఎంతమంది?"

"అరవై నాలుగు."

ఆయన పెన్ను కింద పెట్టేశారు. "మొక్కలండీ" అన్నాను. ఆయన నోరు తెరిచేలోపు సంచీ భుజాన వేసుకుని బయటపడ్డాను. మెట్లు దిగుతుంటే నాకే తెలియకుండా నవ్వొచ్చేసింది. బడి ఎగ్గొట్టిన పిల్లలాగా పరుగు పరుగున బస్సెక్కాను. ఇల్లు చేరాక సూర్యుడు వాలేదాకా మిగిలేది నాలుగున్నర గంటలు, అంతే!

ముందు నీళ్ళు. తడిసిన మట్టి పగటి వేడిని పట్టి ఉంచుతుంది, రాత్రంతా మెల్లగా వదులుతుంది. ఆకులు తడవకుండా మొదళ్ళలోనే పోశాను. కిందికి మొయ్యడానికి అలివిగాని బొప్పాయిల చుట్టూ డబ్బాల్లోనే కర్రలు పాతాను, బట్ట ఆకుల మీద పడి నొక్కకుండా. అప్పుడు ఫోన్ తీసి మా ఆయనకి చేశాను.

"వంట నా వల్ల కాదు. వస్తూ బయట్నించి తెచ్చెయ్యండి."

"ఏమైంది?"

"మొక్కలకి దుప్పట్లు కప్పాలి."

"మొక్కలకా? మేనేజరుకి ఏమని చెప్పను?"

"మొక్కలకనే చెప్పండి" అని పెట్టేశాను. రెండేసి మెట్లు చొప్పున కిందికి దిగాను. పందెంలో పరిగెత్తేవాళ్ళకి ఇలాగే ఉంటుందేమో.

పాత దుప్పట్లు నాలుగే దొరికాయి. చాలవు. కిటికీ తెరలు పీకుతుంటే వెనకనుంచి అత్తయ్య గొంతు వినిపించింది. "అమ్మాయ్, ఏంటా చప్పుడు?" నాకు ప్రాణం ఉసూరుమంది. ఇంకో గంట సంజాయిషీ చెప్పుకోవాలి కాబోలు అనుకున్నాను. ఆవిడ మోకాళ్ళు పట్టుకుంటూ నెమ్మదిగా వచ్చి, విషయం విని, తన ట్రంకుపెట్టె మూత తెరిచింది. మడత విప్పని మూడు కొత్త కంబళ్ళు.

"అవి చుట్టాల కోసం దాచినవి కదా అత్తయ్యా!"

"ఎవరికోసమో దాచి దాచి, నేను ముట్టుకోకుండానే నా వయసైపోయింది. పట్టుకెళ్ళు" అంది. ఊరికే ఉండక మెట్లు కూడా ఎక్కింది, ఒక్కో మెట్టు దగ్గర ఆగుతూ. కంబళి అంచు నేలకి ఆనేలా లాగి పట్టుకుంది, నేను ఇటుకలు పెట్టాను. "నాకూ ఉండేది, పెరట్లో పూలమడి. మీ మామయ్య స్కూటర్ పెట్టుకోడానికి దాని మీద సిమెంటు పోయించారు. నన్ను అడగనైనా లేదు. నేనూ ఏమీ అనలేదనుకో" అంది, అటువైపు తిరిగి. పదిహేడేళ్ళ కాపురంలో ఆ మడి సంగతి నాకెవరూ చెప్పలేదు. "ఇదిగో, ఇటువైపు సందుంది, చలి దూరుతుంది చూడు" అని మళ్ళీ ఆవిడే కసిరింది. ఇద్దరం ఒగరుస్తూ, నవ్వుకుంటూ కప్పాం. చిన్న కప్పులన్నీ పళ్ళేల్లో పెట్టి కిందికి మోశాను. మంచం కింద, సోఫా వెనక, భోజనాల బల్ల మీద సగం దాకా. కంబళి అందని మొక్క మీద ఆఖరి అట్టపెట్టె బోర్లించేసరికి ఎండ గోడ దిగిపోయింది.

ఏడింటికి వచ్చిన మేనేజరు భార్య బల్ల మీది నారు చూసి, "ఎంత ముద్దుగా ఉన్నాయో! ఎవరు పెంచారు?" అంది.

"మేమే, సరదాకి" అన్నాడు మా ఆయన, అన్నం పొట్లాలు విప్పుతూ.

"మేమంటే ఎవర్రా? నువ్వెప్పుడైనా చెంబుడు నీళ్ళు పోశావా?" అంది అత్తయ్య. మేనేజరు గట్టిగా నవ్వాడు. మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి. నేను కూర్చుని, నా ప్లేటులో నేనే ముందు వడ్డించుకున్నాను.

పొద్దున్నే మేడెక్కాను. కంబళ్ళ మీద పిండి చల్లినట్టు తెల్లగా మంచు, బట్ట అట్టలా బిగుసుకుపోయింది. పక్కింటి మేడ మీద తీగ రాత్రికి రాత్రే ఉడికించినట్టు నల్లబడి వేలాడుతోంది. అయినా సూర్యుడు పైకొచ్చి మంచు కరిగేదాకా ఓపిక పట్టి, అప్పుడు మొదటి కంబళి లేపాను. పచ్చగా ఉంది! రెండోది, పచ్చగా. పరుగున కిందికెళ్ళి నారు కూడా లెక్కపెట్టాను. చలి దూరిన మూల రెండు బొప్పాయిలు పోయాయి. అరవై రెండు బతికాయి. గెంతులేశాను, సిగ్గు లేకుండా.

మా ఆయన మేడ మీదికి వచ్చి కాసేపు చూసి, "ఈ కంబళ్ళు ఉతకాలిగా" అన్నాడు.

"ఉతకాలి. సబ్బు బాత్రూంలో ఉంది" అన్నాను.

ఎనిమిదింటికి నర్సరీ ఆవిడ తన వ్యాను మా గుమ్మం ముందు ఆపింది. తన షెడ్డులోనే సగం పోయిందట. నా నారును ఒక్కో కప్పూ ఎత్తి, కాండం వేలితో తాకి చూసి, "ఎప్పట్నించి వస్తావ్?" అంది. ఎవరు ఏమడిగినా "ఇంట్లో అడిగి చెప్తాను" అనడం నాకు అలవాటు. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది కూడా. వెనక గదిలో అందరూ వింటున్నారని నాకు తెలుసు.

"సోమవారం నుంచి" అన్నాను. "ఇంట్లో చెప్పి వస్తాను."