మొదటి వరుస మధ్యలో

ఆ నాటకశాలలో నాన్న ముప్పై ఏళ్లు పక్క తెర చాటున నిలబడి, నటులు మరిచిపోయిన మాటలు అందించారు. మూతపడ్డ ఆ హాలును బాగుచేసి ఇప్పుడు ప్రార్థనలకు వాడుతున్నారని తెలిసి ఆయన్ని తీసుకెళ్లాను. పైకప్పు మీద పాత చెక్క పువ్వులు కొత్త రంగుతో మెరుస్తున్నాయి.

నాన్న అలవాటుగా పక్క తెర వైపు నడిచారు. ఎందుకో నేను చెబితే అక్కడి నిర్వాహకుడు నవ్వి, నాన్న చేయి పట్టుకుని మొదటి వరుస మధ్యలో కూర్చోబెట్టాడు.

వేదిక మీద అందరూ పాట అందుకున్నారు.

“ఇక్కణ్ణుంచి ఇంత బాగుంటుందా? నేనెప్పుడూ చూడలేదమ్మా” అన్నారు నాన్న, కళ్లు తుడుచుకుంటూ.

వచ్చేటప్పుడు నిర్వాహకుడి చేతులు రెండూ పట్టుకున్నారు.

“దీన్ని పడగొట్టకుండా నిలబెట్టారు బాబూ. మీ మేలు మరిచిపోను.”

మెట్లు దిగుతూ నాతో మెల్లగా అన్నారు: “వచ్చేవారం పెందలాడే వద్దాం. ఆ కుర్చీ ఇంకెవరైనా కొట్టేస్తారు.”