వెనుక నుంచి నెమలి

ప్రియాంక తయారుచేసిన 'పడుగు' భాషలో ప్రోగ్రాం రాసేవాళ్లు లోకం మొత్తం మీద ఒక్కరే. ఆ ఒక్కరూ ప్రియాంకే. రెండో మనిషి కావలసిన మామ పెంటయ్య ఇవాళ కంప్యూటర్ ముందు కూర్చున్నాడు.

నీలం నగర్‌లో వాళ్లవి గోడకు వేలాడదీసే బొమ్మల బట్టలు నేసే మగ్గాలు. పడుగులో ప్రోగ్రాం రాసి పంపితే మగ్గం ఆ బొమ్మ నేస్తుంది. ఇన్నాళ్లూ ఆ భాషలో తప్పు రాస్తే తెలిసేది బట్ట మీదే, నూలంతా వృథా అయ్యాక. అందుకే ఆమె పట్టుబట్టి, ప్రోగ్రాం రాస్తుండగానే తప్పులు చూపే ఎడిటర్ తయారుచేసింది. రెండక్షరాలు కొడితే మిగతా మాట అదే అందిస్తుంది. దారం మరీ పొడుగ్గా వేలాడేచోట ఎర్ర గీత గీస్తుంది.

"నచ్చకుంటే మల్ల డిజైన్లు గీసిచ్చే దుకాణానికే పోత బిడ్డా," అన్నాడు పెంటయ్య ముందే.

నెమలి బొమ్మకు ప్రోగ్రాం రాయడం మొదలుపెట్టాడు. మాటలు వాటంతటవే పూర్తవుతుంటే ముసలాయన కళ్లు మెరిశాయి. ప్రియాంకకు కాలు నిలవడంలేదు. అంతలో తెర నిండా ఎర్ర గీతలు.

బీడీలు చుడుతున్న అత్త మంగళ తొంగిచూసింది. "కుంకుమ జల్లినట్టే ఉన్నది. పూజ అయిపాయెనా?"

పెంటయ్య కుర్చీ వెనక్కి జరిపాడు. "బస్, చాలు. ఎన్క దారాలు పొడుగ్గనే ఉంటయి. గోడ దిక్కు ఎవడు సూస్తడు?"

"ఎన్క ఏంది మామా?"

"బట్ట బోర్లనే గదా నేసేది. మగ్గం కాడ నా కండ్లకు అవుపడేది ఎన్కనే. అదే రాసిన."

ప్రియాంకకు నవ్వాగలేదు. ఎడిటర్ అదంతా ముందు వైపే అనుకుంది; ఏ పక్క నుంచి చూస్తున్నావని ఆయన్ని అడిగితే గదా! "చాయ్ తాగు మామా, లెవ్వకు," అని పక్కనుంచే వంగి, వెనుక వైపు రాసేవాళ్ల కోసం తెర మీద ఒక మీట చేర్చింది. నొక్కగానే తెర మీది నెమలి బోర్లా తిరిగింది, ఎర్రదనమంతా మాయమైంది. మెడ దగ్గర ఒక్క గీత తప్ప.

"ఇదెందుకు పోలే?" అన్నాడు పెంటయ్య.

"దాని మీద మౌస్ బాణం పెట్టు."

చిన్న పెట్టె తెరుచుకుంది: ముందు వైపు దారం వదులు, ఇక్కడ ఒక కట్టు వెయ్యాలి.

పెంటయ్య ముందుకు వంగి చదివాడు. "నిజమే. ఇది నేనే మర్సిన." కట్టు వేశాడు. గీత పోయింది.

మరుక్షణమే ఇంకోచోట ఎరుపెక్కింది.

"మల్లేందయ్యా?" అంది మంగళ.

"కావాల్నే తప్పు రాసిన. పట్టుకుంటదో లేదో సూద్దామని."

"నేను తప్పు పడితే మాత్రం అన్నం కాడి నుంచి లేస్తవు."

"లెవ్వు మామా, మగ్గానికి పంపాలె," అంది ప్రియాంక.

"దుకాణపాయనకు ఫోన్ జేసి నేను రానని చెప్పు," అన్నాడాయన తెర మీంచి చూపు తిప్పకుండా, తోక దగ్గర ఇంకో తప్పు రాస్తూ.