నడుస్తున్న ఫైలు

అరుగు మీద కూర్చుని నెత్తళ్ల చేపల తలలు తుంచుతున్నాను. పక్కనే మంచం మీద ఈశ్వరన్న ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని ఉన్నాడు. ఆదివారం, పొద్దున్న పదైంది. గాలి బొత్తిగా లేదు. భావనపాడు దాటాక మా ఊరు. సముద్రం చప్పుడు వినబడని పొద్దు మాకు తక్కువ. ఆ వేళ వినబడలేదు.

ఈశ్వరన్నది ఒడ్డున కంట్రోల్ రూములో కాంట్రాక్టు పని. లోతుకెళ్లిన బోట్లకి సెల్లు అందదు. గాలి కబురైనా, వాన కబురైనా కంట్రోల్ రూము నుంచే పోవాలి. అదంతా గోడకి బిగించిన, స్విచ్ అనే ఒక పెట్టె గుండా పోతుంది. ఆ పెట్టెలో ఫ్లాష్ అనే చిన్న చిప్పు ఉంటుంది. కరెంటు వచ్చినప్పుడల్లా పెట్టె అందులోని ఒక ఫైలు చదువుకుని లేస్తుంది. అన్న ఇంటి నుంచి పని చేస్తుంటే పక్కన కూర్చుని చూసి చూసి తెలుసుకున్నానివి.

ఆ వేళ కొత్త ఫైలు ఎక్కించాలి. చోటు చాల్లేదు. అన్న పాత ఫైలు డిలీట్ కొట్టాడు. అయినా చోటు రాలేదు. ఆ రకం పెట్టెలో డిలీట్ కొట్టిన ఫైలు అక్కడే ఉంటుంది, కావాలంటే వెనక్కి తెచ్చుకోవచ్చు. స్క్వీజ్ అని కొడితేనే నిజంగా చెరిగిపోతుంది. అన్న అదీ కొట్టాడు. నిజంగా చెరిపెయ్యాలా అని పెట్టె రెండుసార్లు అడిగింది. టిఫిను చల్లారిపోతోందని వదిన లోపల్నుంచి పిలుస్తోంది. అన్న చదవకుండా రెండుసార్లూ అవునని వై నొక్కాడు. నేను చూశాను. నాకేం తెలుసులే అని ఊరుకున్నాను.

కొత్త ఫైలు ఎక్కింది. సరిచూడమంటే పెట్టె చెల్లదంది. మళ్లీ ఎక్కించాడు. మళ్లీ అదే మాట. అన్న మెడ మీద చెమట పట్టింది.

"పాతది ల్యాప్‌టాప్‌లో దాసుకున్నావా అన్నా?"

అన్న నా వైపు చూడలేదు. "లేదే."

"మరి పెట్టి నడస్తన్నాది కదా?"

"లేసినప్పుడు సదువుకున్నాది కదా, దాంతో నడస్తన్నాది. కరెంటు పోయేవరకే."

యమున వదిన గుమ్మంలోకి వచ్చి నిలబడింది. వదిన నాన్న గంగులు మావ ముందురోజు తెల్లారగట్ల వేటకెళ్లాడు. ఆయనతో పాటు మరో మూడు బోట్లు వెళ్లాయి. ఏదీ ఇంకా తిరిగి రాలేదు.

"పదకొండుకి కరెంటు తీస్తారంట. తీగల మీద కొమ్మలు కొట్టడానికి. గ్రూపులో పెట్టారు," అంది వదిన.

"తెలుసు."

"అక్కడ బేటరీ లేదేటి?"

"పోయి రెండు నెల్లయింది. రాసి పంపినాను. ఎవుడొచ్చాడు?"

"మంచి ఫైలు ఎవుడి దగ్గరుంటాది?"

"విజయనగరం ఆఫీసులో మా పై సారు, జగన్నాధం సారు దగ్గర."

"మరేటి సూస్తన్నావు? ఫోన్ కొట్టు."

"ఏటని కొట్టమంటావే? నడస్తన్న ఫైలు సెరిపీసినానని సెప్పమంటావా? పోయినసారే అన్నాడాయన, ఇంకో తప్పు సేస్తే ఇంటికాడే కూసోమని."

"కూసో. వలలు బాగుసేద్దువు గాని. పెళ్లిసూపుల్లో గొప్పగా సెప్పినావు కదా, సూదీ దారం నాకొచ్చునని." వదిన నవ్వబోయింది. నవ్వు రాలేదు. "పోనీ లైన్‌మేన్‌కి సెప్పు, సాయంత్రం తియ్యమని."

"ఆడికి సెప్తే సారుకి సెప్పినట్టే. ఊరంతా దండోరా యేస్తాడు. నెట్‌లోంచి మళ్లీ దింపుతన్నాను. అరగంట. ఆగు కాసేపు."

వదిన ఆగింది. ల్యాప్‌టాప్ మీద ఫైలు ఎంత దిగిందో చూపే గీత కొంచెం కొంచెం జరుగుతోంది. ముగ్గురం దాన్నే చూస్తున్నాం. పొయ్యి మీద ఏదో అడుగంటిన వాసన వచ్చింది. ఎవరూ లేవలేదు. దక్షిణాన ఆకాశం తోమని ఇత్తడి బిందెలా ఉంది.

పది నలభైకి లోపల ఫ్యాను ఆగింది. చెప్పిన దానికంటే ఇరవై నిమిషాలు ముందే. గీత సగంలో నిలిచిపోయింది.

దూరంగా రంపం మోత వినబడింది. తర్వాత అదీ ఆగింది. పదకొండుంపావుకి కరెంటు వచ్చింది. పక్కింటి టీవీ మొదలైంది, వీధి చివర పిండిమర తిరిగింది. ఊళ్లో అన్నీ లేచాయి. అన్న స్విచ్‌ని పిలుస్తున్నాడు. అదే మాట కొట్టి, ఎంటర్ నొక్కి, కొంచెం ఆగి, మళ్లీ అదే మాట. అవతల నుంచి జవాబు లేదు.

ఫోను మోగింది. కంట్రోల్ రూములో కూర్చునే పద్మకుమారి గారు. అన్న ఒక చేత్తో ఎంటర్ నొక్కుతూనే ఫోను స్పీకరులో పెట్టాడు.

"ఈశ్వర్, గాలి కబురొచ్చింది. మూడింటిలోపల బోట్లన్నీ ఒడ్డుకి రావాలంట. పంపుతుంటే ఒక్కటీ పోవట్లేదు. ఏటయింది?"

అన్న వదిన వైపు చూశాడు.

"కరెంటు పోయింది కదా మేడమ్. నెమ్మదిగా లేస్తాది. పావుగంట ఆగండి."

"లేస్తాది కదా? నాలుగు బోట్లున్నాయి."

"లేస్తాది మేడమ్."

ఫోను పెట్టేశాడు. ల్యాప్‌టాప్ వైపు తిరిగి మళ్లీ అదే మాట కొట్టాడు. వదిన కొంగు నడుముకి దోపుకుంది. మా ఇద్దరి మధ్య నుంచి మెట్లు దిగి, కంట్రోల్ రూము వైపు నడిచింది.