బొంత కప్పుకున్న సోలార్ పలక

నేను ఒక సోలార్ పలకను. నా తిండి ఎండ. పొగ, మసి నాకు పడవు. నా అంత మడికట్టుకున్నదాన్ని మీరు చూసి ఉండరు.

నన్ను తయారుచేసిన ఫ్యాక్టరీలో కొలిమి మాత్రం బొగ్గుతోనే మండింది. అది పుట్టింటి గుట్టు, బయట చెప్పను. తోటి పలకలతో లారీ ఎక్కి అనంతపురం దగ్గర ఓబులేసు చేలోకి వచ్చాను. ప్రారంభం రోజున ఒక ఆఫీసరు, "వీటితో దేశంలో పొగ తగ్గుతుంది, నీళ్లు ఆదా అవుతాయి" అని ఉపన్యాసం దంచాడు. ఓబులేసు భక్తి పట్టలేక కొబ్బరికాయ నా నెత్తినే కొట్టబోయాడు. ఆఫీసరు అడ్డం పడకపోతే నా కథ అక్కడితో సరి.

అంతకుముందు కరెంటు ఉన్న కాసేపే బోరు మోటారు ఆడేది. ఆ నీళ్లు ఓబులేసు భార్య లింగమ్మ పెంచిన చీనీ చెట్లకు, అదే బత్తాయి చెట్లకు, సరిపోయేవి. మొక్కలప్పుడు ఆమె బిందెలతో నీళ్లు మోసి బతికించిన చెట్లవి. ఇప్పుడు నేను వచ్చానుగా! పొద్దు పొడిస్తే మోటారు దానంతటదే లేచేది, పొద్దు వాలేదాకా ఆగేది కాదు.

"సూర్యుడు ఊరికే ఇస్తాండాడు, పోనిస్తామా?" అంటూ మీసం తిప్పి, ఓబులేసు తోట పక్కనే వరి నాటాడు. ఆ ఎర్రనేలలో వరి! నేనేమో పొగడ్తకు పొంగిపోయి ఇంకా తోడాను.

ఎండలు ముదిరేసరికి బోరు దగ్గడం మొదలుపెట్టింది. గుక్కెడు నీళ్లు, గంపెడు గాలి. చీనీ ఆకులు ముడుచుకున్నాయి. లింగమ్మ చెట్టు మొదట్లో మన్ను పిడికిట్లోకి తీసుకుని ఏడ్చింది. నాకు సిగ్గేసింది. కానీ ఎండ పడ్డాక పని మానడం నా చేతిలో లేదు కదా.

మర్నాడు మధ్యాహ్నం ఆమె ఇంట్లోని బొంతలన్నీ మోసుకొచ్చి మా మీద పరిచింది. పుట్టాక మొదటిసారి నాకు పట్టపగలు చీకటి పడింది. అబ్బ, ప్రాణం ఎంత హాయిగా ఉందో! మోటారు ఆగిపోయింది. ఓబులేసు పరుగెత్తుకొచ్చాడు.

"ఏమ్మే! మోటారు ఆగిపాయ. బొంతలు ఆరేసేకి ఇంగ యాడా తావు దొరకల్యా?"

"ఆరేయల్యా. దీన్ని పండుకోబెట్టినా."

"ఎండ ఊరికే వస్తాంటే నీకేం నొప్పి?"

"ఎండ ఊరికే వస్తాదయ్యా. కిందుండే నీళ్లు ఎవురిస్తాండారు? నీ వరి కావల్నా, నా చెట్లు కావల్నా? ఒకటి చెప్పు."

ఓబులేసు వరి వైపు చూశాడు, చెట్ల వైపు చూశాడు, చివరికి లింగమ్మ మొహం చూశాడు. ఆ సాయంత్రమే వరిమడి కాలువకు మట్టి అడ్డం వేశాడు. మిగిలిన పైరు ఎద్దులు మేశాయి.

ఇప్పుడు పొద్దున చెట్లకు సరిపడా తోడి, ఆపైన బొంత కప్పుకుని పడుకుంటున్నాను. చెట్లు చిగురించాయి, మరుసటి ఏడు కాయలూ కాశాయి. మొన్న అదే ఆఫీసరు వచ్చి, "ఇంత మంచి పలకలు! పట్టపగలు పనిమాన్పిస్తారా?" అని కేకలేశాడు. లింగమ్మ ఒక చీనీకాయ ఒలిచి ఆయన చేతిలో పెట్టింది. ఆయన చెట్టు నీడన కూర్చుని తిన్నాడు, ఇంకొకటి అడిగి తిన్నాడు. వెళ్లేటప్పుడు, నా మీంచి జారిన బొంత కొసను తానే సర్ది వెళ్లాడు.