అడుగులు ఇంట్లోనే ఉన్నాయి

పొద్దెక్కేసరికి ఆ ఇంట్లో మనుషులు వెళ్ళిపోయేవారు, సందడి మొదలయ్యేది. తమ్ముడు బస్సు డిపోకి, అతని కూతురు కాలేజీకి బయల్దేరాక ముందు గదిలో కుట్టుమిషన్ దగ్గర అతని అక్క, ఆ పిల్లకి అత్త, ఒక్కతే కూర్చునేది. సూదిలో దారం ఎక్కించేలోగానే వెనక గదుల్లో అడుగుల చప్పుడు వినిపించేది. ఒకటి నిండుగా, ఒకటి టక్కుమని పడితే అవి తమ్ముడివి. లారీ నడిపే రోజుల్లో జరిగిన ప్రమాదంలో అతని ఎడమ కాలు మోకాలి పైదాకా పోయింది, అప్పట్నుంచి ప్లాస్టిక్ కాలే. ఆగకుండా, తొందరగా, కుర్చీలకి తగులుకుంటూ పోయేవి మేనకోడలివి.

ఆ కుటుంబంలో అంతే. మనిషి గడప దాటినా అడుగుల చప్పుడు దాటదు. వాళ్ళు బయట ఎక్కడ నడిచినా ఆ చప్పుడు ఇంట్లో వినిపిస్తుంది. పిల్ల బస్సు కోసం పరిగెడితే ఇక్కడ నడవా దడదడలాడుతుంది. తమ్ముడు అలసిపోతే ఇక్కడ అడుగుకీ అడుగుకీ మధ్య ఎడం పెరుగుతుంది. బయట మాత్రం పిల్లుల్లా తిరుగుతారు. కూరగాయల కొట్టు ఆయన ఎన్నిసార్లు ఉలిక్కిపడ్డాడో. "వచ్చేముందు కాస్త దగ్గండమ్మా" అని విసుక్కునేవాడు, అంతకుమించి ఎవరూ పట్టించుకోలేదు. కొన్ని వంశాల్లో బట్టతల వస్తుంది, కొన్నింట్లో ఎడమచేతి వాటం వస్తుంది, వీళ్ళకి ఇది వచ్చింది.

అత్తని వీధిలో అందరూ కత్తెరక్క అనేవారు. గుడ్డ ఎంత తిన్నగా కత్తిరిస్తుందో మాటా అంత తిన్నగా తెగ్గొట్టేది. ఒకరిని ఒక్క సాయం అడిగి ఎరగదు. తమ్ముడి భార్య పోయినప్పుడు పిల్ల ఇంకా పాకుతోంది. అయ్యో పాపం అంటూ వచ్చినవాళ్ళందరినీ గుమ్మంలోంచే పంపించేసి, ఆ పిల్లని మిషన్ పక్కన గుడ్డముక్కల బుట్టలో కూర్చోబెట్టుకుని పెంచింది. తను పెళ్ళి ఎందుకు చేసుకోలేదని అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

పిల్ల మాత్రం తండ్రి కాలు చూస్తూ పెరిగింది. సాయంత్రం అతను ఆ కాలు విప్పి గోడకి ఆనించి, ఒరుసుకుపోయిన చోట మందు రాసుకుంటుంటే, అది ఆ కాలు ఒళ్ళో పెట్టుకుని మోకీలు విప్పేది, మళ్ళీ బిగించేది. ఓసారి బిగించడం మర్చిపోతే తండ్రి మర్నాడు డిపోలో అందరి ముందూ చతికిలబడ్డాడు. అయినా ఒక్క మాట అనలేదు. పెద్దదయ్యాక ఇలాంటి కాళ్ళు తయారుచేసే చదువే చదువుతానంది. అది బాగా నేర్పే కాలేజీ వేరే దేశంలో ఉంది. దరఖాస్తు పెట్టింది, పరీక్ష రాసింది, సీటు తెచ్చుకుంది. ఆ కబురు వచ్చిన రోజున కత్తెరక్క ఎవరి బట్టలూ కుట్టలేదు. పాత బట్టలు తెచ్చినవాళ్ళకీ కొత్త బట్టలు తెచ్చినవాళ్ళకీ, దారి తప్పి అడ్రసు అడగడానికి వచ్చిన ఒకాయనకీ కూడా మేనకోడలి సీటు సంగతి చెప్పింది.

మిగిలింది వీసా. అక్కడే పొరపాటు జరిగింది.

ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. పెళ్ళికో చావుకో వెళ్ళేటప్పుడు, నలుగురు పెద్దమనుషులున్న చోటికి వెళ్ళేటప్పుడు అడుగుల్ని కూడా వెంటబెట్టుకుని వెళ్ళాలి. చప్పుడు లేకుండా సభలోకి జొరబడటం దొంగల పని అని వాళ్ళ నానమ్మ అనేది. గడప మీద నిలబడి "పదండి" అంటే చాలు, వెంట వస్తాయి. ఇంటర్వ్యూ రోజున అత్త పట్టుబట్టింది.

"అంత పెద్ద ఆఫీసుకి అలా వెళ్తావా? పిలువు వాటిని."

"ఎందుకత్తా, బూట్లు కొత్తవి, చప్పుడెక్కువ వస్తుంది."

"రానీ. మనవాళ్ళు ఎలా నడుస్తారో విననీ."

పిల్ల పిలిచింది. అవి వెళ్ళాయి. ఆ రోజంతా ఇంట్లో పిల్ల చప్పుడు లేదు. అత్తకి మిషన్ మీద దారం తెగుతూనే ఉంది, కుట్టిన జాకెట్టు చెయ్యి మళ్ళీ విప్పాల్సి వచ్చింది. శుభమా అని పిల్ల వెళ్తే ఇదేం మనసు అని తనని తనే తిట్టుకుంది.

కొన్నాళ్ళకి జవాబు వచ్చింది. "చదువు పూర్తయ్యాక మీరు తిరిగి వెళ్తారన్న నమ్మకం మాకు కలగలేదు." అంతే. కింద సంతకం.

అత్తకి తల కొట్టేసినట్టయింది. ఊరందరికీ తనే చాటింది, ఇప్పుడు తనే మింగాలి. అయినా మొహం చాటేసే మనిషి కాదు. అడిగినవాళ్ళకి అడిగినట్టే "ఇవ్వలేదు" అని చెప్పింది, ఎవరైనా నొచ్చుకోబోతే టేపు మెడలోంచి తీసి "నిటారుగా నిలబడండి" అనేది. లోపల మాత్రం కుమిలిపోయింది. కాలేజీవాళ్ళు తరగతులు మొదలయ్యేదాకా సీటు ఆపుతామన్నారు. ఆ తర్వాత అది ఇంకొకరికి పోతుంది.

వీసాల ఏజెంటు ఇంటికొచ్చి గుట్టలుగా ఉన్న గుడ్డల మధ్య చోటు చేసుకుని కూర్చున్నాడు.

"మీకిక్కడ గట్టి బంధం ఏదీ లేదనుకున్నారండి వాళ్ళు. మనమే చూపించాలి. అమ్మాయికి పెళ్ళి కుదిరిందని రాద్దాం. పెళ్ళికొడుకుని నేను చూస్తాను, ఫొటో వరకే. లేదా ఎవరిదైనా స్థలం అమ్మాయి పేరున ఉన్నట్టు..."

తమ్ముడు అక్క మొహం చూశాడు. పిల్ల తల అడ్డంగా ఊపింది. "లేని పెళ్ళికొడుకుతో నాకేం బంధం అండీ?" అంది.

"విన్నారు కదా," అంది అత్త. "మా పిల్ల సీటు అబద్ధం చెప్పి తెచ్చుకోలేదు. వీసా కూడా అలా అక్కర్లేదు. మీరింక బయల్దేరండి."

అతను వెళ్ళాక ముగ్గురూ టీ గ్లాసులు పట్టుకుని కూర్చున్నారు. పిల్ల ఉన్నట్టుండి అంది:

"ఇంటర్వ్యూలో ఆ ఆఫీసరు నా జవాబులు సరిగ్గా విననే లేదత్తా. దరఖాస్తులో మన ఇంటి అడుగుల సంగతి చదివారేమో, నేను హాలు చివర్నుంచి ఆయన బల్ల దాకా నడిచొస్తుంటే నా కాళ్ళ వైపే చూశారు. టకటకమని ఎంత చప్పుడో. కూర్చున్నాక 'మీ ఇంట్లో ఇప్పుడు ఎవరున్నారు' అన్నారు. అత్త ఉందన్నాను. 'మీవి ఏం ఉన్నాయి' అన్నారు. బట్టలు, పుస్తకాలు అన్నాను. ఇంకేం చెప్పాలో తోచలేదు."

అత్త గ్లాసు కింద పెట్టింది. ఆ రోజు ఇల్లు ఎంత బోసిగా ఉందో గుర్తొచ్చింది. ఆయన తప్పేముంది? అడుగులతో సహా వచ్చి నిలబడ్డ పిల్లని చూసి, ఇది ఇంక ఇంటికి తిరిగి వస్తుందని ఎవరు మాత్రం నమ్ముతారు?

"తప్పు నాది," అంది.

ఆ మాట ఆమె నోట రావడం తమ్ముడు పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ వినలేదు. గ్లాసెత్తి టీ తాగాడు, అది అప్పటికే అయిపోయిందని తర్వాత గమనించాడు.

మళ్ళీ దరఖాస్తు పెట్టారు. ఈసారి అత్త తోడు వెళ్ళింది. ఎవరి అడుగుల్నీ ఎవరూ పిలవలేదు. తమ్ముడు సెలవు పెట్టి ఇంట్లో ఫోను పక్కన కూర్చున్నాడు, ఎవరూ కూర్చోమనకపోయినా.

ఆ ఆఫీసు హాలంతా నున్నటి రాతి నేల. వచ్చేవాళ్ళ చెప్పులు, బూట్లు, చక్రాల సంచులు మోగిపోతున్నాయి. ఆ గోలలో అత్తా మేనకోడలూ గాలిలా నడిచి వెళ్ళారు. తలుపు దగ్గర గార్డు వెనక్కి తిరిగి గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. పిల్లని బల్ల దగ్గరికి పిలిస్తే, అత్త వెనకాల ఒక బెంచీ మీద, వీపు ఆనించకుండా కూర్చుంది.

బల్ల వెనక ఉన్నది ఆ ఆఫీసరే. కళ్ళజోడు పైనుంచి పిల్ల రావడం చూశాడు. తల వంచి నేల చూశాడు.

"మీ అడుగులేవి?"

"ఇంట్లో ఉన్నాయండి."

"పోయినసారి తెచ్చారు."

"పెద్ద ఆఫీసుకి వస్తున్నాం కదా అని, మర్యాదకి తెచ్చానండి. మామూలుగా అవి ఇల్లు కదలవు."

ఆయన కాగితాల్లో నంబరు వెతికి బల్ల మీది ఫోను తీశాడు. అటునుంచి తమ్ముడు పలికాడు. ఆయన తనెవరో చెప్పి, "ఫోను కాస్త నేలకి దగ్గరగా పెట్టండి" అని, పిల్లతో "ఆ గోడ దాకా నడిచి రండి" అన్నాడు.

పిల్ల లేచి నడిచింది. హాల్లో ఏమీ వినిపించలేదు. ఆఫీసరు ఫోను చెవికి నొక్కి పెట్టుకుని కాసేపు విన్నాడు. తర్వాత చప్పుడు బయటికి వినిపించేలా ఒక మీట నొక్కి పక్క బల్ల ఆవిడని కూడా వినమన్నాడు. అప్పుడు అత్తకీ వినిపించింది. అంత దూరంలో తన ఇంటి నేల మీద, తన గుడ్డముక్కల మధ్యనుంచి, తన పిల్ల నడుస్తోంది. గోడ దగ్గర పిల్ల ఆగితే అక్కడ ఆగింది. తిరిగి వస్తే తిరిగి వచ్చింది. తనింట్లో పుట్టిన చప్పుడు అంత పెద్ద హాల్లో వినబడుతుంటే, ఆ ఆఫీసు కాస్త చిన్నదిగా కనిపించింది ఆమెకి.

"అక్కడ ఉద్యోగం దొరికితే వీటిని అక్కడికి పిలిపించుకోరా?" అన్నాడు ఆఫీసరు.

"మా నాన్నకి కాలు చెయ్యాలండి," అంది పిల్ల. "ఆ కాలు నడవాల్సింది ఆ ఇంట్లోనే."

ఆయన ఇంకేమీ అడగలేదు. ముద్ర వేశాడు.

అత్త ఆఫీసులో నవ్వలేదు, వీధిలోనూ నవ్వలేదు. తలెత్తుకుని, ఎప్పటి నడకే నడిచినట్టు నడిచి ఇంటికొచ్చింది. తమ్ముడు గుమ్మంలోనే ఉన్నాడు.

"వీసా ఇచ్చారని మీరు ఫోన్ చెయ్యకముందే తెలిసిపోయిందక్కా. నీ అడుగులు ఈ గదిలో గంతులేశాయి."

"రాళ్ళ నేల. జారింది," అంది అత్త, లోపలికి వెళ్తూ.

పిల్ల వెళ్ళింది. చప్పుడు ఉండిపోయింది. కొత్త ఊళ్ళో దారులు వెతుక్కునే అడుగులు మొదట్లో ఆగి ఆగి పడేవి, తర్వాత కుదుటపడ్డాయి. ఒక మధ్యాహ్నం మాత్రం నిండుగా ఒకటి, టక్కుమని ఒకటి వినిపించింది. తమ్ముడివే అనుకుంది అత్త. చూస్తే అతను ఎదురుగానే బల్ల మీద కూర్చుని ఉన్నాడు. పిల్లకి ఏ ప్రమాదం జరిగిందోనని వెంటనే ఫోను చేశారు.

పిల్ల అటునుంచి నవ్వింది. "ఏమీ కాలేదత్తా. మేం చేసిన కాలు మేమే కట్టుకుని నడవాలి. మోకాలు వెనక్కి మడిచి పట్టీ బిగించి, కింద ఆ కాలు తగిలిస్తారు. మనం పడితే గాని అందులో లోపం తెలియదంటారు మా మాస్టారు."

అప్పట్నుంచి ఇంట్లో రోజూ అదే. టక్కుమనడం, తూలడం, ధబ్బుమని పడటం, మళ్ళీ లేవడం. పడ్డ ప్రతిసారీ అత్త మిషన్ ఆపేది. తమ్ముడు మాత్రం కళ్ళు మూసుకుని వినేవాడు. "కీలు ఇంకా బిగుతుగా ఉంది" అనేవాడు. ఇంకో రోజు, "ఇప్పుడు పొడవెక్కువైంది." వారాలు గడిచేకొద్దీ టక్కుమనడం మెత్తబడింది. చివరికి ఏది సొంత కాలో ఏది చేసిన కాలో చెప్పడం కష్టమైపోయింది.

ఒక రోజు అత్త స్కూలు టీచరమ్మకి కొలతలు తీస్తోంది. అడుగులు నడవాలోంచి వచ్చి మేడమెట్ల కింద ఆగాయి. చాలాసేపు ఆగాయి. తర్వాత ఒకటి పైకి పడింది, ఇంకొకటి దాని పై మెట్టు మీద పడింది, మళ్ళీ మొదటిది ఇంకా పైన.

తమ్ముడు కుర్చీలోంచి లేచాడు. కాలు పోయాక అతను ఇన్నేళ్ళూ మంచి కాలు ముందు వేసి, రెండోదాన్ని అదే మెట్టు మీదికి లాక్కునేవాడు.

"ఒక్కో మెట్టుకి ఒక్కో కాలు అక్కా," అన్నాడు. "రెండోది లాగడం లేదు. ఎక్కేస్తోంది."

"మేడ మీద ఎవరండీ?" అంది టీచరమ్మ.

"మా పిల్ల," అంది అత్త. "తను చేసిన కాలు మీద ఎక్కుతోంది. మీరు కదలకండి, మళ్ళీ మొదట్నుంచి కొలవాలి. టేపు మీద అంకెలు కనబడటం లేదు నాకు."