బల్లలో చెయ్యి వేయని మనిషి

గంటాయన బెంచీలన్నీ తడిబట్టతో తుడిచి, చివరి వరుసలో కారిపడ్డ కొవ్వొత్తి మైనాన్ని గోటితో గీకుతున్నాడు. మోకాళ్లు పట్టేస్తున్నాయి. బెంచీ అంచు పట్టుకుని లేచి, కాసేపు ఊపిరి తీసుకుని, మళ్లీ వంగాడు. మందిరం ఊడ్చడం, తాళాలు తీయడం, గంట కొట్టడం అతని పని. అందులో అతనికి వంక పెట్టినవాళ్లు లేరు. వంకంతా వేరేచోట ఉంది.

అతను ప్రభువు బల్లలో చెయ్యి వేయడు. నెలకోసారి సంఘమంతా ముందుకు వెళ్లి రొట్టె, ద్రాక్షారసం తీసుకుంటుంటే, అతను గంట తాడు దగ్గర తల వంచుకుని నిలబడతాడు. ఒప్పుకోని పాపం ఉన్నవాడే బల్లకు దూరంగా ఉంటాడని అక్కడ అందరి నమ్మకం. ఆ పాపమేమిటో ఎవరికి తోచినట్టు వాళ్లు అల్లుకున్నారు. ఒకామె అతనికి ఇంకెక్కడో మరో సంసారం ఉందని తేల్చేసింది. ఉన్న ఒక్కదాన్నే ఈడ్చలేక చస్తున్నానని అతను లోలోపల నవ్వుకున్నాడు.

అసలు సంగతిలో అంత రంగు లేదు. పెళ్లయిన కొత్తలో, వేరే ఊళ్లో, అతను తాగుబోతు. ఒకనాడు తాగొచ్చి భార్యను గుమ్మం మీదికి తోశాడు. ఆమె ఎడమ మోచేయి మళ్లీ చాపడానికి రాలేదు. మర్నాటి నుంచి అతను చుక్క ముట్టలేదు. ఈ మందిరంలో బల్లకు వాడేది మత్తెక్కించే పులిసిన ద్రాక్షారసం. పులియనిది అడగొచ్చు కానీ, అడిగితే కారణం చెప్పాలి. చెబితే, ఆ సీసాలుండే బీరువా తాళం తాగుబోతు చేతిలో ఎవరుంచుతారు? తాళంతోపాటు కూడూ పోతుంది.

ఆ రోజు ఆరాధన అయ్యాక పాస్టరుగారు అతని ఇంటికి వచ్చారు. భార్య మంచం పట్టి చాలాకాలమైంది. ఇక మందులు దండగని డాక్టరు చెప్పేశాడు. పాస్టరుగారు ప్రార్థించి, రొట్టె విరిచి, రెండు చిన్న గాజుగిన్నెల్లో రసం పోశారు. ఇద్దరం కలిసి తీసుకుంటాం, అక్కడ పెట్టి వెళ్లండని ఆమె అడిగింది. ఇంకో రోగి ఇంటికి వెళ్లే తొందరలో ఆయన సరేనన్నారు.

"ఈ ఒక్కసారి నాతో తీసుకోవయ్యా," అంది ఆమె, ఆయన వెళ్లాక.

"నువ్వు తీసుకో."

"ప్రభువు రక్తమయ్యా అది. నిన్ను పాడు చేస్తుందా? ఆయన మీద ఆ మాత్రం నమ్మకం లేదా?"

"ఆయన మీద ఉందే. నా మీదే లేదు. అది ఎవరి రక్తమో నా నాలుకకి తెలీదు."

సాయంత్రం గంట వేళైంది. తనకోసం ఆగొద్దని చెప్పి అతను బయల్దేరాడు.

తాడు లాగుతున్నంతసేపూ ఏడుపొచ్చింది. చావబోయే మనిషి కోరిక కాదనడం పాపమా, తీర్చి మళ్లీ ఆ పాత మనిషి కావడం పాపమా? చెప్పమని ప్రార్థించాడు. జవాబు రాలేదు. ఇన్నేళ్లలో ఎప్పుడూ రాలేదు. దాహం మాత్రం ఒక్కరోజూ రాకుండా ఉండలేదు.

తిరిగి వచ్చేసరికి ఆమె పోయింది. గోడవైపు తిరిగి, నిద్రపోతున్నట్టే ఉంది. పిలిచి, కదిపి చూసి, మంచం పక్కన కూలబడ్డాడు. స్టూలు మీద అతని గిన్నె అలాగే ఉంది. ఆమె గిన్నె మీద, బల్ల ముగిశాక మందిరంలో కప్పినట్టు, తెల్లగుడ్డ కప్పి ఉంది. తీసుకుందన్నమాట, ఆ ఒక్కటైనా జరిగిందనుకున్నాడు.

గదంతా ఆ రసం వాసనే. చెయ్యి దానంతటదే వెళ్లి గిన్నె అందుకుంది. ఇప్పుడు తాగితే ఆమె కోరిక తీర్చినట్టేనని లోపల ఒక గొంతు మెత్తగా చెబుతోంది. ఆ గొంతు అతనికి పాత పరిచయం. గిన్నె పెదవుల దాకా వచ్చింది. లేచి, పెరట్లోకి వెళ్లి, మట్టిలో ఒంపేశాడు. గెలిచినట్టేమీ అనిపించలేదు. ఎవరికోసం గెలిచాడో తెలియలేదు.

ఆమెది కూడా కడిగి పెడదామని లోపలికి వచ్చి గుడ్డ తీశాడు. రొట్టె ముక్క ఎండిపోయి ఉంది. దాని పక్కన ఆమె గిన్నె, అంచుదాకా నిండుగా.